దేవుళ్ళను భుజించే మతం

కల్పనా సాహిత్యంలో దుష్ట మతాలకు కొదవ లేదు గాని, వాటిలో చాలావాటికి సిద్ధాంతమంటూ ఉండదు. నల్లని అంగీలు, అర్ధరాత్రి బలి, అర్థం కాని మంత్రం, చివరికి కథానాయకుడి చేతిలో ధ్వంసం, ఇంతటితో వాటి పని ముగుస్తుంది. ‘ఎస్‌సీపీ ఫౌండేషన్’ అనే పేరుతో ఇంటర్నెట్‌లో సమష్టిగా సాగుతున్న ఆంగ్ల కల్పనా రచనలో సార్కిక్ మతంగా ప్రసిద్ధమైన సంప్రదాయం ఇందుకు భిన్నమైనది. సజీవమైన మాంసాన్ని కోరిన ఆకృతిలోకి మలచడం సాధనగా, దేవతలను పూజించక భక్షించడం పరమార్థంగా గల ఈ మతానికి ఒక ప్రవక్త ఉన్నాడు, కూలిపోయిన ఒక రాజ్యం ఉంది, శిష్యపరంపర, శాఖాభేదాలు, ఆగర్భశత్రువైన మరో మతం ఉన్నాయి. అన్నిటినీ మించి, దానిని అధ్యయనం చేస్తూ, తరచుగా అపార్థం చేసుకునే పండితులు కూడా ఆ కల్పనలోనే ఉన్నారు.

ఈ మతం పుట్టిన సాహిత్యరూపాన్ని గురించి ముందుగా కొంత చెప్పుకోవలసి ఉంటుంది, ఎందుకంటే దాని స్వభావానికీ ఆ రూపానికీ విడదీయరాని సంబంధం ఉంది. 2007లో ఇంటర్నెట్‌లో వెలువడిన ఒక చిన్న భయానక రచన, ఎవరూ చూడని క్షణంలో మాత్రమే కదిలి మనుషుల మెడలు విరిచే ఒక శిల్పాన్ని, కథగా కాక కార్యాలయపు ఫైలుగా వర్ణించింది. ఆ పద్ధతి నచ్చిన రచయితలు మరుసటి ఏడాదికల్లా ఒకచోట చేరి, అతీత వస్తువులనూ ప్రాణులనూ పట్టి బంధించి లోకం కంటబడకుండా దాచే ఒక రహస్య సంస్థను ఊహించుకుని, దాని దస్త్రాలను తలా ఒకటిగా రాయసాగారు. ప్రతి దస్త్రానికీ ఒక సంఖ్య, ప్రమాదస్థాయిని తెలిపే ఒక వర్గం, బంధించి ఉంచే విధానం, ఆపైన వర్ణన, అనుబంధాలు ఉంటాయి. రహస్యమనుకున్న పేర్లూ తేదీలూ నల్లగీతలతో కొట్టివేసి ఉంటాయి. భయం కలిగించాలన్న తాపత్రయం పైకి కనబడనీయకుండా, గుమాస్తా భాషలో నిర్వికారంగా సాగే ఈ శైలిలోనే భయమంతా దాగి ఉందని ఆ రచనలు చదివిన వారు సులభంగా గ్రహిస్తారు. ఇప్పుడు వేల సంఖ్యకు చేరిన ఆ దస్త్రాల నడుమ, ‘మెటాఫిజీషియన్’ అనే కలంపేరు గల రచయిత ప్రధానంగా రూపుదిద్దగా, తరువాత మరెందరో చేయివేసి పెంచినది సార్కిక్ మతం.

కల్పనలోని పురాణం ప్రకారం, ఈ మతస్థాపకుడైన అయాన్ పుట్టుకతో బానిస. ఉత్తరాసియాలో డేవైట్లు అనే క్రూరమైన జాతి నిర్మించుకున్న ప్రాచీన సామ్రాజ్యంలో (ఆ పేరు జరతుష్ట్ర మతస్థుల అవెస్తాలో దుష్టశక్తులకు వాడే ‘దయేవ’ శబ్దాన్ని తలపిస్తుంది) బానిసల శరీరాలు యజమానుల సొత్తు. పనికీ, బలికీ, వినోదానికీ వాటిని ఎలాగైనా వాడుకోవచ్చు. తన దేహంపై తనకే హక్కు లేని స్థితిలో పుట్టిన ఆ మనిషి, దేహాన్ని ఇచ్ఛానుసారంగా మలచుకునే విద్యను సాధించి, తోటి బానిసలను కూడగట్టి తిరుగుబాటు లేవదీసి, అడీటం అనే రాజ్యాన్ని స్థాపించాడు. గ్రీకు ఆలయాలలో గర్భగుడికి వాడే మాటే ఆ రాజ్యానికి పేరైంది. మతగురువులను కార్సిస్టులంటారు, అయాన్‌ను మహా కార్సిస్టుగా కొలుస్తారు. అతని అంతరంగిక శిష్యులైన నాడాక్స్, ఒరోక్, లొవతార్, సార్న్ అనే నలుగురికి క్లావిగర్లని పేరు. వీరిలో లొవతార్ డేవైట్ల కులీనవర్గం నుంచి వచ్చినదని చెప్పడంలో, మతకథలలో తరచుగా కనిపించే శత్రువర్గపు శిష్యుడి సంప్రదాయాన్ని రచయితలు గుర్తుంచుకున్నారని తెలుస్తుంది.

సిద్ధాంత విషయానికి వస్తే, ఈ మతం దృష్టిలో సృష్టి ఏ కరుణామయుడి సంకల్పమూ కాదు. విశ్వానికి మూలంలో ఉన్నది యాల్దబయోత్ అనే అనంతమైన ఆకలి, దానికి లోబడి ఆర్కాన్లు అనే పాలకశక్తులు. ఇవి మనిషిని ప్రేమించవు, ద్వేషించవు, అవకాశం చిక్కితే మింగుతాయి. ఇటువంటి దేవతలను ఎదుర్కొన్నప్పుడు మనిషి సాధారణంగా రెండు దారులలో ఒకటి ఎంచుకుంటాడు: కాళ్ళపై పడి శాంతింపజేయడం, లేదా మరో మంచి దేవుడిని ఆశ్రయించడం. అయాన్ బోధ ఈ రెండింటినీ తోసిపుచ్చి, దేవతల శక్తి మింగడం వల్ల కలిగినదే అయితే, ఆ పనిని మనిషి కూడా చేయగలడని, దేవతలను భుజించినవాడు తానే దైవమవుతాడని ప్రకటిస్తుంది. దైవభక్షణ అని పిలవదగిన ఈ భావమే సార్కిక్ మతానికి కేంద్రం. బయటివారు దీనిని రాక్షసదేవతల ఆరాధనగా భావిస్తారు గాని, నిజానికి ఇక్కడ ఆరాధన లేదు. ఉన్నది బానిస యజమానిపై చేసిన తిరుగుబాటును విశ్వస్థాయికి పెంచి చెప్పిన రూపం మాత్రమే.

మాంసశిల్పం, అంటే సజీవ కణజాలాన్ని మంత్రక్రియతో పెంచడం, కలపడం, కొత్త అవయవాలు పుట్టించడం, ఈ దృష్టి నుంచే అర్థవంతమవుతుంది. రాయి, లోహం, కలప నిర్జీవాలు గనుక వాటితో కట్టడం కంటే, పెరిగే, మానే, మారే మాంసంతో కట్టడమే మేలని ఈ మతస్థులు నమ్ముతారు. వారి ఆయుధాలు, వాహనాలు, కొన్ని రచనలలో గోడలు సైతం ప్రాణమున్నవే. ఈ ఊహ తెలుగు పాఠకుడికి పూర్తిగా కొత్తది కాదు. తమ్ముడు వాతాపిని మేకగా మార్చి, కోసి, వండి, అతిథులకు వడ్డించి, వారు తిన్న తరువాత పేరుపెట్టి పిలిచి పొట్ట చీల్చుకుని రప్పించిన ఇల్వలుడు నిస్సందేహంగా మాంసశిల్పే. అతని విద్యను అగస్త్యుడు మరో మంత్రంతో కాక కేవలం జీర్ణశక్తితో ఓడించాడు. పాలుతాగిన పసిపిల్లల పొట్ట నిమురుతూ తల్లులు నేటికీ తలచుకునే ఆ కథలో తినడమే విజయం, ఎదిరించిన శక్తిని అరిగించుకోవడమే ధర్మరక్షణ.

సార్కిక్ పురాణంలోని పాత్రలు పేర్లతో సహా ఒక నిజమైన మతచరిత్ర నుంచి వచ్చినవి. క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో మధ్యధరా తీరాన గ్నాస్టిక్కులని చరిత్రకారులు పిలిచే కొన్ని బృందాలు, విశ్వాసం వల్ల కాక రహస్యజ్ఞానం వల్లనే ముక్తి కలుగుతుందని, ఈ భౌతిక ప్రపంచం పరమాత్మ సృష్టి కాదని బోధించాయి. చాలాకాలం వారి గురించి తెలిసినది వారి ప్రత్యర్థుల మాటల ద్వారానే; లియాన్ నగరపు బిషప్ ఐరీనియస్ సుమారు 180లో వారి మతాలను ఖండిస్తూ రాసిన పెద్ద గ్రంథమే వారిని గురించిన ముఖ్య ఆధారాలలో ఒకటిగా ఉండేది. 1945లో ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాది సమీపాన ఒక మట్టికూజాలో కాప్టిక్ భాషలోని 13 ప్రాచీన గ్రంథసంపుటాలు బయటపడిన తరువాత గాని వారి గొంతు నేరుగా వినిపించలేదు. ఆ సంపుటాలలోని ‘యోహాను రహస్యగ్రంథం’లో, సోఫియా అనే దివ్యశక్తి తన జంట సమ్మతి లేకుండా కన్న వికృతసంతానంగా, సింహముఖమూ సర్పదేహమూ గలవాడుగా యాల్దబయోత్ కనిపిస్తాడు, తనకు పైన ఎవరూ లేరని విర్రవీగుతూ అతడు ఆర్కాన్లను సృష్టించుకుని లోకాన్ని పాలిస్తాడు.

ఆ గ్రంథంలో మొదటి మానవుడి నిర్మాణాన్ని వర్ణించిన తీరు ప్రత్యేకంగా గమనించదగినది. ఏడు శక్తులు తలా ఒక పదార్థాన్ని వంతు వేసుకుంటాయి: ఒకటి ఎముకను, ఒకటి స్నాయువును, మరొకటి మాంసాన్ని, ఇలాగే మజ్జ, రక్తం, చర్మం, రోమాల తత్త్వాలను రూపొందిస్తాయి. ఆయుర్వేదంలోని సప్తధాతువుల జాబితా తెలిసినవారికి ఈ ఏడింటి వరుస వింతగా పరిచితమనిపిస్తుంది. గ్రంథపు విస్తృతపాఠం అక్కడితో ఆగక, కుడికన్ను ఎవరు చేశారు, ఎడమమోకాలు ఎవరు చేశారు అంటూ అంగాంగానికీ ఒక దేవదూత పేరు చెప్పి, మొత్తం 365 మంది కలిసి పనిచేశారని లెక్క తేలుస్తుంది. ఇంత శ్రమపడి చేసిన దేహం కదలక మెదలక పడి ఉంటుంది. యాల్దబయోత్ తనలోని దివ్యాంశను ఊదిన తరువాతనే లేచి నిలుస్తుంది. అంటే గ్నాస్టిక్ దృష్టిలో మాంసశిల్పులు దుష్టదేవతలు, దేహం వారు కట్టిన చెరసాల, దాని నుంచి తప్పించుకోవడమే ముక్తి.

సార్కిక్ రచయితల ప్రతిభ ఈ కథను యథాతథంగా ఎత్తుకురావడంలో లేదు, తలకిందులు చేయడంలో ఉంది. ఆత్మను దేహం నుంచి విడిపించాలని గ్నాస్టిక్కులు కోరితే, అయాన్ చెరసాల గోడలనే స్వాధీనం చేసుకోమంటాడు. ఆర్కాన్లు మనిషిని మలచిన విద్య చేతికి వస్తే ఆర్కాన్లతో పని ఏముందన్నది అతని తర్కం. దేహం హేయమన్న భావన మీద నిర్మితమైన మతానికి దేహమే సర్వస్వమన్న ప్రతిమతాన్ని అదే పాత్రలతో కల్పించడం వల్ల, చదివేవారికి ఇది ఎక్కడో నిజంగా ఉండి అణగారిపోయిన శాఖేమో అన్న భ్రమ కలుగుతుంది. ఏ ఆధారమూ లేని రాక్షసదేవతను కొత్తగా సృష్టించి ఉంటే ఈ ఫలితం సాధ్యమయ్యేది కాదు.

దైవభక్షణ కూడా కేవలం కల్పన కాదు. పదహారవ శతాబ్దంలో మెక్సికోలో పనిచేసిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి బెర్నార్దినో దె సహగూన్, స్థానిక పెద్దల నుంచి సేకరించి 12 భాగాలుగా కూర్చిన బృహద్గ్రంథంలో, అజ్టెక్‌లు తోటకూర జాతి గింజల పిండితో తమ యుద్ధదేవుడైన విట్సిలోపోచ్ట్లి ప్రతిమను చేసి, పూజారి బాణం వంటి ఆయుధంతో దాని గుండెను ఛేదించిన తరువాత ముక్కలు పంచుకుని తినేవారని నమోదు చేశాడు. ఆ వర్ణన యూరప్ క్రైస్తవులను కలవరపెట్టడానికి కారణం దాని వింతదనం కాదు, తమ సొంత ఆచారంతో దానికి గల పోలిక; రొట్టె, ద్రాక్షారసాల రూపంలో క్రీస్తు శరీరరక్తాలను స్వీకరించడం వారి ఆరాధనకు ప్రాణం. ఆ ఆచారమే మొదటి క్రైస్తవులపై నరమాంసభక్షణ నిందకు ఊతమిచ్చింది. 177 ప్రాంతంలో రోమన్ చక్రవర్తి మార్కస్ అరీలియస్‌కు విన్నపం రాసిన అథెనాగొరస్ తన మతస్థులపై ఉన్న మూడు ఆరోపణలను ఖండించవలసి వచ్చింది: నాస్తికత్వం, నరమాంస విందులు, వావివరుసలు లేని సంభోగం. అదే కాలంలో లియాన్ నగరంలో క్రైస్తవులను హింసించి చంపినప్పుడు కూడా ఇవే నిందలు వినిపించాయి.

కొన్ని శతాబ్దాలు గడిచి అధికారం చేతికి వచ్చాక, ఆ మతస్థులలోనే కొందరు అవే నిందలను ఇతరులపై వేశారు. 1144లో ఇంగ్లండ్‌లోని నార్విచ్ పట్టణంలో ఒక బాలుడి మరణాన్ని యూదులకు అంటగట్టడంతో మొదలైన ఆరోపణ, తరువాతి కాలంలో వారు క్రైస్తవ శిశువుల రక్తాన్ని కర్మకాండలో వాడతారన్న ప్రచారంగా మారి, యూరప్ అంతటా ఊచకోతలకు దారితీసింది. చరిత్రకారుడు నార్మన్ కోన్ 1975లో వెలువరించిన పుస్తకంలో, చీకటిలో కూడి శిశువులను తిని విచ్చలవిడిగా మెలిగే రహస్యబృందం అన్న ఊహాచిత్రం క్రైస్తవుల నుంచి మతద్రోహుల మీదికి, వారి నుంచి మంత్రగత్తెలనే ముద్రపడిన స్త్రీల మీదికి ఎలా చేతులు మారుతూ వచ్చిందో వివరించాడు. నరమాంసం తినే రహస్యమతాన్ని కల్పించే ఏ రచయితైనా ఈ చరిత్రను తెలిసో తెలియకో తాకక తప్పదు. కల్పనలో వినోదంగా తోచిన వర్ణన ఒకప్పుడు నిజమైన మనుషుల మీద చార్జిషీటుగా పనిచేసింది.

ఇరవయ్యవ శతాబ్దపు భయానక సాహిత్యానికి ఒరవడి దిద్దిన హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ ఈ విషయంలో తప్పటడుగు వేశాడనే చెప్పాలి. 1928లో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో వచ్చిన ఆయన ‘ద కాల్ ఆఫ్ క్తుల్హు’ కథలో, చనిపోయిన ఆచార్యుడి కాగితాలు, పోలీసు అధికారి కథనం, నావికుడి రాతప్రతి కలిపి ఒక రహస్యమతాన్ని బయటపెట్టే పద్ధతి ఎస్‌సీపీ దస్త్రాలకు స్పష్టంగా పూర్వరూపం. అయితే ఆ మతస్థులను లూసియానా చిత్తడినేలలలోని మిశ్రమజాతుల జనంగా చూపి, జాతిలోనే నీచత్వం ఉన్నట్లు రాయడం ఆ కథకు మాయని మచ్చ. సార్కిక్ రచనలు ఇక్కడ మరింత జాగ్రత్తగా నడిచాయి. ‘సార్కిక్’ అన్నది శత్రువులు తగిలించిన పేరని, మతస్థులు తమ మార్గాన్ని ‘న్యాల్కా’ అంటారని ఆ దస్త్రాలే చెబుతాయి. మొదటిది మాంసానికి గ్రీకు మాట నుంచి, రెండవది ఆకలికి ఫిన్నిష్ మాట నుంచి వచ్చాయి. జూడిత్ లో అనే కల్పిత మానవశాస్త్రవేత్త పాత్ర ద్వారా, సంస్థ అధికారులు రాక్షసులుగా నమోదు చేసిన జనాన్ని దగ్గరగా చూసే మరో దృష్టి కూడా ప్రవేశిస్తుంది.

ఆ దృష్టికి కనిపించేది రెండు శాఖలు. ఆది శాఖవారు యురేషియాలోని మారుమూల పల్లెలలో, ఆధునిక సాంకేతికతను దూరంగా ఉంచి, కఠినమైన నియమనిషేధాలతో, పేదరికంలో, తరతరాల వేధింపుల జ్ఞాపకంతో బతికే సామాన్యులు. నవ శాఖవారు ధనిక కులీన కుటుంబాలవారు, అయాన్ బోధను తమ భోగలాలసకు సమర్థనగా మార్చుకున్నవారు. బానిసల విముక్తికి పుట్టిన సిద్ధాంతం కాలక్రమంలో యజమానుల చేతి ఆయుధమైందన్న ఈ పరిణామం మతచరిత్ర చదివినవారికి ఆశ్చర్యం కలిగించదు. ఆది శాఖ గురించిన రచనలు సాధారణంగా బలంగా ఉండగా, నవ శాఖ కథలు మాత్రం పాత భవనం, గుట్టుగా సాగే విందు, విసిగిన ధనికుడు అనే అరిగిపోయిన సామగ్రి మీద ఎక్కువగా ఆధారపడి, తొందరగా తేలిపోతాయి.

చరిత్రలోని ఒక ఖాళీని వాడుకున్న తీరు మరింత నేర్పైనది. క్రీ.పూ. 1200 ప్రాంతంలో తూర్పు మధ్యధరా నాగరికతలు కొద్ది దశాబ్దాల వ్యవధిలో కుప్పకూలాయి. హిట్టైట్ల రాజధాని హత్తూసా పాడుబడింది, సిరియా తీరంలోని ఉగరిత్ నగరం తగలబడింది, గ్రీసులోని మైసీనియన్ రాజప్రాసాదాలు నేలమట్టమయ్యాయి. కరవు, భూకంపాలు, వాణిజ్య విచ్ఛిన్నం, సముద్రజనులని ఈజిప్టు శాసనాలను బట్టి పిలిచే దండయాత్రికుల దాడులు వంటి కారణాలను చరిత్రకారులు చెబుతున్నా, ఏది ఎంత అన్న చర్చ ముగియలేదు. అడీటం రాజ్యానికీ దాని శత్రువులకూ మధ్య జరిగిన మహాయుద్ధమే ఆ పతనానికి అసలు కారణమని కల్పన చెబుతుంది. ఆ శత్రువులలో ముఖ్యులు మెఖానైట్లు. వారి దేవత మెఖానే యంత్రస్వరూపిణి, యాల్దబయోత్‌ను బంధించడానికి తన్ను తాను ముక్కలు చేసుకున్నదని, ఆ ముక్కలను తిరిగి కూర్చడమే తమ ధర్మమని వారు నమ్ముతారు. ఒకరు దేహాన్ని పెంచుకుంటూ పోతే, మరొకరు దేహాన్ని లోహంతో మార్చుకుంటారు. మానవుడు తన సహజపరిమితులను సాంకేతికంగా దాటాలనే ట్రాన్స్‌హ్యూమనిజం అన్న ఆలోచనకు జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్లీ 1957లో ప్రచారం కల్పించాడు. జన్యుసవరణ ఒకవైపు, కృత్రిమాంగాలు మరొకవైపు పెరుగుతున్న కాలంలో ఈ రెండు కల్పిత మతాల వైరం ఆ ఆలోచనలోని రెండు దారుల మధ్య జరిగే వాదానికి పురాణరూపంగా కనిపిస్తుంది.

తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వంటి నవలల ద్వారా క్షుద్రవిద్యలు లక్షలాది పాఠకులకు చేరాయి గాని, అక్కడ భయానికి కేంద్రం మాంత్రికుడనే వ్యక్తి, అతనికి ఎదురుగా నిలిచే కుటుంబం. సార్కిక్ రచనలలో వ్యక్తి ముఖ్యుడు కాడు. సంస్థ, చరిత్ర, శాఖల తగాదా ముఖ్యం. అందుకే వాటిలో ఉత్కంఠ తక్కువ, లోతు ఎక్కువ. దీనికి మరో కారణం వాటి యాజమాన్య పద్ధతి. ఎస్‌సీపీ రచనలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వెలువడతాయి. మూలరచయితను పేర్కొని, తన రచనను కూడా అదే షరతులపై విడుదల చేసే ఎవరైనా ఈ మతానికి కొత్త అధ్యాయం రాయవచ్చు. అధికారిక పాఠమంటూ ఒకటి లేదు గనుక, ఒక దస్త్రంలో అయాన్ బానిసల విమోచకుడు, మరొకదానిలో తాను కూలదోసిన దేవతల కంటే పెద్ద ఆకలి. బైకాల్ సరస్సు ప్రాంతంలో మనుషుల మాంసాన్ని వికృతంగా పెంచే అంటువ్యాధిని వర్ణించే పాత దస్త్రం 610, సార్కిక్ మతమన్న ఊహ పుట్టకముందు స్వతంత్రంగా రాసినది. తరువాతి రచయితలు దానిని ఈ మతచరిత్రలో కలుపుకున్నారు. కొందరు పాఠకులు ఆ కలయికను అంగీకరిస్తారు, కొందరు అది పాత దస్త్రంలోని నిష్కారణమైన భయాన్ని పాడుచేసిందంటారు.